పాట వచ్చేదాకా నిలబడాలి

తిరిగి వచ్చిన దగ్గర్నుంచి మిత్రులు మంచుకొండల గురించే అడుగుతున్నారు. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో ఆ చివరిదాకా వెళ్లి కొండలు చూడకుండా ఎలా వచ్చావని ఒకాయన కోప్పడ్డాడు కూడా. కొండలు లేకపోలేదు. కుడివైపు కిటికీలో చాలాసేపు మాతోపాటే వచ్చాయి. నేను చూసింది మాత్రం ముందు సీట్లో కూర్చున్న నా మేనకోడలి మెడ. అది బిగుసుకుని ఉందా, వదులుగా ఉందా అన్నదే దారి పొడవునా నా ధ్యాస.

ఆమె పేరు లహరి, మా చెల్లెలి కూతురు. క్రైస్ట్‌చర్చ్‌లో ఒక కాలేజీలో ఫుడ్ టెక్నాలజీ చదువుతోంది. ఆ కాలేజీకి ఒక పాప్ కోయిర్ ఉంది. బృందగానం అనవచ్చు గానీ ఆ మాట వినగానే మనకు పంద్రాగస్టు పాటలు గుర్తొస్తాయి. వీళ్లు పాడేవి ఫోన్లలో, రేడియోల్లో మోగే పాప్ పాటలు. వాటిని నాలుగు రకాల గొంతులకు పంచి, వాయిద్యాలు లేకుండా పాడతారు. డ్రమ్ము పని కూడా నోటితోనే కానిస్తారు. లహరి అందులో రెండేళ్లుగా ఉంది.

నేను వెళ్లడానికి కొంతకాలం ముందు వాళ్ల ప్రదర్శన ఒకటి జరిగింది. ఒక పాటను లహరి ఒక్కతే ఎత్తుకోవాలి, తర్వాత మిగతావాళ్లు కలవాలి. ఆమె నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. అందరూ ఎదురు చూశారు. చివరికి ఆ పాట వదిలేసి తర్వాతి పాటలోకి వెళ్లిపోయారు. ఈ సంగతి ఆమె తల్లికి చెప్పలేదు, నాకు ఫోన్లో చెప్పింది. “అమ్మకి చెప్తే మొక్కులు మొదలుపెడుతుంది మామయ్యా, నువ్వైతే కనీసం మొక్కవు” అంది.

ఆక్లండ్‌లో ఆల్బనీ వైపు ఉండే కొందరు తెలుగు మిత్రులు మూఢనమ్మకాల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ సభ కాగానే క్రైస్ట్‌చర్చ్ విమానం ఎక్కాను. నేను దిగేసరికి కోయిర్ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌కు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అక్కడి కాలేజీలో కచేరీ. వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉంది.

రిక్కార్టన్

లహరి ఉండేది రిక్కార్టన్‌లో. నాలుగడుగులకొక ఇండియన్ సరుకుల కొట్టు, బస్టాపులో నిలబడితే తెలుగు వినబడే పేట అది. అక్కడ అద్దె ఇంటిని ఫ్లాట్ అంటారు, అది నేల మీది పెంకుటిల్లయినా సరే. నలుగురు పిల్లలు కలిసి ఉంటున్నారు. మనకు రోహిణి కార్తె ఎండలు మాడ్చే రోజుల్లో అక్కడ చలికాలం మొదలవుతుంది. హీటరు దగ్గరికి వెళ్లబోతే “బిల్లు షేర్ చేసుకోవాలి, స్వెటర్ మీద స్వెటర్ వేసుకో” అని ఆపింది. ఇంటి లోపల కోటు వేసుకుని అన్నం తినడం నాకు అదే మొదలు.

ఆ సాయంత్రం సాధన చూడ్డానికి తీసుకెళ్లింది. కుర్చీలు కనబడక ఒక బల్ల మీద కూర్చున్నాను. వెంటనే ఒక కుర్రాడు వచ్చి, మర్యాదగానే, దిగమన్నాడు. బల్ల తిండి పెట్టే చోటు కాబట్టి దాని మీద కూర్చోరాదని మావోరీల ఆచారమట. మావోరీలంటే ఆ దేశపు మొదటి ప్రజలు. ఇప్పుడు ఆ మర్యాద అందరూ పాటిస్తున్నారు. ఆచారమనగానే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆలోచిస్తే ఇది మనిషిని బల్ల మీంచి దించుతోంది తప్ప మనిషిని మనిషి పక్కనుంచి తరమడం లేదు. మా ఊళ్లో హోటలు బయట విడిగా పెట్టిన గ్లాసు కూడా ఆచారమే కదా. ఏది పాటించాలో, ఏది పగలగొట్టాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు. దిగి నిలబడ్డాను.

కోయిర్ నడిపే ఉపాధ్యాయురాలి పేరు మెరె. మావోరీ స్త్రీ, యాభై దాటి ఉంటాయి. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆమెకు తోడు గ్రెగ్ అనే ఉపాధ్యాయుడు. మనిషి పొడుగు, వ్యాను నడిపేది ఆయనే. సాధన మొదట్లో అందరూ ఆవలిస్తారు, పెదవులతో గుర్రంలా చప్పుడు చేస్తారు, అంబులెన్సులా కూతలు పెడతారు. మన సంగీతం మాస్టారెవరైనా చూస్తే కర్ర తీసుకునేవారు.

నన్ను ఆకట్టుకున్నది వాళ్లు ఊపిరి తీసే పద్ధతి. పక్కవాళ్లు పీల్చిన చోట నువ్వు పీల్చకూడదు. వాక్యం చివర ఆగి పీల్చడం తప్పు. మాట మధ్యలో, ఎవరికీ తెలియకుండా పీల్చి మళ్లీ కలవాలి. అప్పుడు అంతమందిలో ఎవరు ఎక్కడ ఆగారో వినేవాళ్లకు తెలియదు. పాట ఎక్కడా తెగదు. నేను కూడా గొంతు కలిపితే మెరె నవ్వి, కామా వచ్చినప్పుడల్లా ఊపిరి తీస్తున్నారు, మీరు ఉపన్యాసకులా అని అడిగింది.

ఇంటికి నడుస్తూ లహరి అసలు మాట చెప్పింది. “అందరితో ఉంటే నేను ఆగినా పాట ఆగదు మామయ్యా. ఎత్తుకునేటప్పుడు మాత్రం నేను ఆగితే అంతా ఆగిపోతుంది.” మరికాస్త దూరం వెళ్లాక, “ఈసారీ అలాగే అయితే మానేస్తాను. కానీ ఈ ఊళ్లో నాకంటూ ఉన్నది వీళ్లే” అంది.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. వేదికల మీద రాళ్లు పడినప్పుడు కూడా ఇంత కంగారుపడలేదు. ఆ రాళ్లు నా మీద పడేవి, నేను కాచుకునేవాణ్ణి. ఇది కాచుకోగలిగేది కాదు.

టిమరూ

మధ్యాహ్నం తిండికి టిమరూలో ఆగాం. సముద్రం ఒడ్డున గడ్డి, గడ్డి మీద బెంచీలు, బెంచీల చుట్టూ దబాయించే సముద్రపు కాకులు. అక్కడ అందరూ తినేది ‘పై’ అనే వంటకం. పిండి డొప్పలో ఖైమా, చీజు పెట్టి కాలుస్తారు. ఏడు డాలర్లు. నేను లెక్క కట్టడం మొదలుపెట్టగానే లహరి చెయ్యి అడ్డం పెట్టింది, రూపాయల్లోకి మారిస్తే ఆకలి చచ్చిపోతుందని. కొరికితే లోపలి ఖైమా నిప్పు. నాలుక కాలి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పక్క బెంచీ మీది పెద్దావిడ, ముందు ఒక మూల కొరికి ఊదుకోవాలి బాబూ, అని నేర్పింది. ఆమె కుక్క నా చేతిలోని పై వంక చూసిన చూపు మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే.

తిన్నాక నాకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాను. నాకు తెలిసింది వాదన. భయానికి కారణం ఉంటుంది, కారణాన్ని పట్టుకుంటే భయం పోతుంది అన్నాను. జనం నిన్నేం చేస్తారు? కొడతారా? తిడతారా? పోనీ నవ్వుతారే అనుకుందాం, నవ్వితే నీ ఒంట్లో ఏం తగ్గుతుంది? అలా ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తూ పోయాను. లహరి చేతిలోని కాగితం సంచిని మడుస్తూ, విప్పుతూ విన్నది.

“మామయ్యా, నువ్వు చెప్పేదంతా కరెక్టే. అందుకే ఇంకా భయమేస్తోంది” అంది. “ఒక కారణమంటూ ఉంటే నేనే తీసి పారేసేదాన్ని కదా.”

ఇంతకాలం ఎన్నో వేదికల మీద నన్ను ఎదిరించిన పండితులు ఎవరూ ఇంత తక్కువ మాటల్లో నా నోరు మూయించలేదు. మళ్లీ వ్యాను ఎక్కాం. ఆమె మెడ అంతకు ముందుకంటే బిగుసుకుంది. అది నా వాదన ఫలితమే.

ఒమరూ

ఒమరూ తెల్లరాతి భవనాల ఊరు. చీకటి పడే వేళ చిన్న పెంగ్విన్లు సముద్రంలోంచి ఒడ్డెక్కి రోడ్డు దాటతాయి, కార్లు ఆగి దారిస్తాయి. మేం ఆ రాత్రికి ఉండిపోయింది అక్కడే. సాయంత్రం ఒక వృద్ధుల నివాసంలో పాడాలి.

మనవైపు ఇలాంటి చోట పాడితే భజనలే పాడతారు, ముసలివాళ్లకు అవి తప్ప ఏం కావాలన్నట్టు. అక్కడ ఆ తాతలూ అమ్మమ్మలూ తమ పడుచు కాలపు ప్రేమ పాటలు అడిగి మరీ పాడించుకున్నారు. చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయన పక్కావిడ చేయి పట్టుకుని కుర్చీతోనే నాట్యం చేశాడు. ఆమె ఆయన భార్య కాదని, మొన్ననే పరిచయమైందని నర్సు నాకు చెప్పింది. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. నేను మాత్రం కాస్త ఆశ్చర్యపోయాను. సంస్కర్తలమని చెప్పుకునేవాళ్లకు కూడా సంస్కారం ఇంకా కొంత బాకీ ఉంటుంది.

లహరి ఎత్తుకోవలసిన పాట అక్కడ పాడలేదు. మెరె ఏమీ అనకుండా దాన్ని దాటించి తర్వాతి పాటకు చేయి ఎత్తింది. మిగతా పిల్లలు కూడా ఎవరూ లహరి వైపు చూడలేదు. అలా చూడకుండా ఉండటానికి వాళ్లు పడిన కష్టం నాకే కనబడితే ఆమెకు కనబడదా. భోజనాల దగ్గర ఆమె అన్నీ వడ్డించుకుంది, ఏమీ తినలేదు. వాళ్లు అలా జాలి పడటం కంటే ఆమెను రెండు మాటలు అనేసి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

మొయిరాకీ

మర్నాడు పొద్దున సముద్రపు ఒడ్డున గుండ్రటి బండలు చూశాం. మనిషి ఎత్తున, ఎవరో ఉలితో చెక్కినంత నున్నగా, తడి ఇసుకలో పడి ఉన్నాయి. పూర్వం ఒక పెద్ద పడవ పగిలితే అందులోని బుట్టలు, సొరకాయ బుర్రలు ఒడ్డుకు కొట్టుకొచ్చి రాళ్లయ్యాయని మావోరీల కథ. ఆ కథ మెరె చెప్పింది. సముద్రం అడుగు బురదలో లక్షల ఏళ్లు ఖనిజం పొరలు పేరుకుని గట్టిపడ్డాయని భూగర్భ శాస్త్రం. అదీ మెరెయే చెప్పింది, అదే ఊపిరిలో. ఈ రెంటిలో మీరు ఏది నమ్ముతారని నిలదీశాను.

“కథ మా అమ్మమ్మది, బురద సంగతి మా అన్నయ్యది. ఆయన జియాలజిస్టు” అంది. “ఇద్దరూ నాకు చుట్టాలే.”

ఈ సమాధానం నాకు పూర్తిగా ఒప్పుకోవాలని లేదు. కానీ మన దగ్గరైతే ఆ బండల్లో ఒకదానికి ఈపాటికి పసుపు రాసి, పక్కనే హుండీ పెట్టి, శాస్త్రం చెప్పిన అన్నయ్యను ఊరు దాటించి ఉండేవాళ్లు. అక్కడ పిల్లలు బండలెక్కి దూకుతున్నారు, అంతే.

డునెడిన్

డునెడిన్ చేరేసరికి గ్రెగ్ గొంతు కూర్చుండిపోయింది. జలుబు. తేనె, అల్లం, ఆవిరి, ఏవీ పని చేయలేదు. మాట బదులు గాలి వస్తోంది. వ్యాను నడపడానికి గొంతు అక్కర్లేదు కదా అని నేను జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు. కారణం మెరె ఒక కప్పు కాఫీ ముందు పెట్టి చెప్పింది.

ఇన్వర్‌కార్గిల్ కాలేజీవాళ్లు మమ్మల్ని మావోరీ పద్ధతిలో ఆహ్వానిస్తారు. అతిథులు గేటు దగ్గర ఆగాలి. లోపలినుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. అతిథుల్లో ఒక స్త్రీ గొంతెత్తి జవాబిస్తుంది. ఆ పిలుపులు లేకుండా ఎవరూ అడుగు పెట్టరాదు. లోపల కూర్చున్నాక వాళ్ల తరఫున మగవాళ్లు మాట్లాడతారు, మన తరఫున ఒక మగవాడు మాట్లాడాలి. మాట్లాడటం అయ్యాక అతని వెనక అతని మనుషులు లేచి పాడాలి. పాట అయ్యేదాకా అతను నిలబడే ఉండాలి. వెనక పాట లేకపోతే ఆ మాట వెనక మనుషులు లేనట్టు. మన తరఫున ప్రతిసారీ మాట్లాడేది గ్రెగ్. ఇప్పుడు పిల్లలు కాక మిగిలిన మగవాణ్ణి నేనే.

“మీ మాతృభాషలో మాట్లాడండి, అలా మాట్లాడితే వాళ్లు ఇంకా సంతోషిస్తారు” అంది మెరె.

నాలోని పాత వాది లేచాడు. మీరు ఉండగా మగవాడే ఎందుకు మాట్లాడాలి అన్నాను. ఆమె కాఫీలోంచి తల ఎత్తలేదు.

“ఆ వాదం మేం మా ఇంట్లో చేసుకుంటున్నాం. గట్టిగానే చేసుకుంటున్నాం. మీరు గేటు దగ్గర నిలబడి మొదలుపెట్టకండి.”

ప్రార్థన చేయాలా అని అడిగాను. వాళ్లు చేసుకుంటారు, మీరు తల వంచకపోయినా ఎవరూ పట్టించుకోరు అంది. సరేనన్నాను. తర్వాత, పాట ఏది అని అడిగాను.

అది మావోరీ భాషలో ఉండాలి. కోయిర్‌కు మావోరీ భాషలో వచ్చిన పాప్ పాట ఒక్కటే. అది లహరి ఎత్తుకునే పాట.

లహరి పక్క బల్ల దగ్గరే ఉంది, విన్నది. వచ్చి, ఆ మొదటి చరణం ఇంకో అమ్మాయికి ఇచ్చేయమంది. మెరె కాఫీ కప్పు పక్కన పెట్టి, ఇవ్వను అని చెప్పింది. నువ్వు ఎత్తుకుంటే పాట ఉంటుంది, ఎత్తుకోకపోతే లేదు, లేకపోయినా మేం నీతోపాటే నిలబడతాం అంది. అది అభయం ఇవ్వడమో బెదిరించడమో నాకు అర్థం కాలేదు. లహరికి కూడా కాలేదనుకుంటాను. ఒడ్డెక్కిన పెంగ్విన్ నడిచినంత నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

గోర్

దారిలో గోర్ అనే చిన్న ఊళ్లో వ్యాను ఆపారు. వీధి మూల చిల్లర కొట్టును అక్కడ డైరీ అంటారు. పాలతోపాటు పత్రికలు, చాక్లెట్లు, బ్యాటరీలు, అన్నీ ఉంటాయి. కౌంటర్ వెనక ఉన్నాయన మా మాటలు విని, “తెలుగోళ్లా సార్?” అన్నాడు. పేరు శ్రీను, జనగామ దగ్గర. ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకోవడానికి వచ్చి, ఆ చుట్టుపక్కలే సెటిల్ అయ్యాడు. ఆయన దగ్గర సమోసా నాలుగు డాలర్లు. నా దగ్గర మాత్రం తీసుకోలేదు.

“మేం వచ్చినప్పుడు ఇక్కడ మనోళ్లు ఎవ్వరు లేకుండె సార్. చలికి పండ్లు టకటక కొట్టుకుంటుండె, తెలుగు మాట్లాడదామంటే అద్దంల నేనే కనవడ్తుంటి” అన్నాడు. తర్వాత లహరి వైపు తిరిగి, సంతోషంగా, “నువ్వేనా అమ్మా ఒక్కదానివే పాడేది? పోస్టర్ల నీ ఫొటో చూసినం. రేపు మన ఫ్యామిలీలన్నీ వస్తున్నయ్. ముందు సీట్లే వట్టుకున్న” అన్నాడు.

ఆయన మంచి మనిషి. ఆ క్షణంలో ఆయన నోటికి అడ్డంగా చేయి పెట్టాలనిపించింది. లహరి థాంక్యూ అంకుల్ అని, బయటికి వెళ్లి, వ్యాను వెనక నిలబడింది. నేను వెళ్లేసరికి ముక్కు తుడుచుకుంటోంది. చలికి అంది. నేను వాదించలేదు.

ఇన్వర్‌కార్గిల్

చదునైన ఊరు, వెడల్పాటి వీధులు, వాటి నిండా గాలి. దక్షిణ ధ్రువానికీ తనకూ మధ్య అడ్డం ఏమీ లేదని ఆ గాలికి తెలుసు. కాలేజీ గేటు దగ్గర కోటు గుండీలు పెట్టుకుని నిలబడ్డాం. లోపలినుంచి ఒక స్త్రీ గొంతు లేచింది. మా పక్కన ఇన్ని రోజులూ గట్టిగా మాట్లాడని మెరె గొంతెత్తి జవాబిచ్చింది. ఆ కేక విన్నాక, స్త్రీకి ఇక్కడ మాట లేదని నేను చేసిన వాదనను కాస్త సవరించుకున్నాను. పూర్తిగా వదులుకోలేదు.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాం. ముందు బెంచీ మీద నేను, గొంతులేని గ్రెగ్. వెనక వరసల్లో పిల్లలు. లహరి నా వెనకే. వాళ్ల తరఫున ఇద్దరు పెద్దలు మాట్లాడారు. ఒక్కొక్కరి మాట కాగానే వాళ్ల మనుషులు లేచి పాడారు. నాకు మా ఊరి సభలు గుర్తొచ్చాయి. అక్కడ పాట ముందు వస్తుంది. దేవుడి మీద ఒక అమ్మాయి పాడుతుంటే అతిథులు మైకులు సర్దుకుంటారు, దండలు లెక్కపెట్టుకుంటారు, ఆ అమ్మాయి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆ ప్రార్థనా గీతాన్ని ఎత్తేయించడానికి నేను ఊరూరా తగాదా పడ్డాను. ఇక్కడ పాట లేనిదే నా మాట చెల్లదు.

గ్రెగ్ మోచేత్తో పొడిచాడు. లేచాను.

తెలుగులో నమస్కారం చెప్పాను. మమ్మల్ని పిలిచినందుకు కృతజ్ఞత చెప్పాను. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, మనిషిని నమ్మినవాణ్ణి, అందుకే వచ్చాను అన్నాను. రెండు దేశాల్లోనూ పరాయివాళ్లు వచ్చి భాషల మీద కూర్చున్నారని, వాటిని లేపి నిలబెట్టుకోవడం తమరి దగ్గర నేర్చుకోవాలని అన్నాను. బాగానే వచ్చింది. ఇక సెలవు అనవలసిన చోట, ఒక్కసారి వెనక్కి చూశాను.

లహరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ కుర్చీ అంచును పట్టుకుని ఉన్నాయి. పెదవులు తెరుచుకుని ఉన్నాయి, కదలడం లేదు. ఆమె ఫోన్లో చెప్పిన నోరు అదే. నేను సెలవు అంటే చాలు, ఈ హాలంతా ఆ నోటి వైపు చూస్తుంది.

సెలవు అనలేదు. మాట్లాడుతూ పోయాను. మా జిల్లా నేల గురించి చెప్పాను, కాలువల గురించి చెప్పాను. పసుపు ఎలా ఉడకబెడతారో చెప్పాను. తర్వాత, ఉపన్యాస స్వరం ఏమాత్రం మారకుండా, కుడిచేయి పైకెత్తి, “లహరీ, కష్టంగా ఉంటే ఎత్తుకోవద్దు. సిద్ధమైతే ఒకసారి దగ్గు. అంతవరకు నేను ఆపను” అన్నాను. ఎదుటి బెంచీ మీది పెద్దలు ఎంతో గౌరవంగా తలలూపారు.

దగ్గు వినబడలేదు. నాకు విషయం అయిపోయింది. ఎప్పుడూ జరగనిది జరిగింది, నోట్లో మాటలు లేవు. అంతలో ఏది తోస్తే అది పట్టుకున్నాను. విజయవాడ నుంచి మా ఊరికి వచ్చే పాసింజరు. “కృష్ణా కెనాల్” అన్నాను, గంభీరంగా. “కొలనుకొండ. పెదవడ్లపూడి. చిలువూరు. దుగ్గిరాల.” ఒక్కొక్క పేరు తర్వాత ఆగాను, ఆ ఆగడంలో దగ్గు కోసం విన్నాను. “కొలకలూరు. తెనాలి.” మా ఊరు వచ్చేసింది. దిగితే ప్రమాదం. రేపల్లె లైను ఎక్కాను. ఎడమ చెయ్యి ఎప్పుడు వెనక్కి వెళ్లిందో తెలియదు, వీపు మీద పిడికిలి బిగించి ఉంది. “చినరావూరు. జంపని. వేము...”

నా మాట మధ్యలో వెనకనుంచి గొంతు లేచింది.

సన్నగా లేచింది. సాధనలో విన్నదానికంటే తగ్గు శ్రుతిలో, మొదటి మాట దగ్గర కాస్త వణికి, రెండో మాట దగ్గర నిలబడింది. లహరి ఒక్కతే లేచి నిలబడి పాడుతోంది. మిగతావాళ్లకు ఇంకా లేవాలని తట్టలేదు. ఉపన్యాసం ముగియలేదు కదా. తర్వాత ఒక్కసారిగా కుర్చీల చప్పుడు. ఆమె ఎత్తుకున్న శ్రుతి అంత తగ్గుగా ఉంటే మోటు గొంతుల కుర్రాళ్లు నేలమాళిగలోకి దిగినంత కిందికి దిగవలసి వచ్చింది. దిగారు. ఎవరూ ఆమెను పైకి లాగలేదు. నేను నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే, చేయి ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే, పాట అయ్యేదాకా నిలబడ్డాను.

ముక్కులు తాకించి పలకరించుకోవడం అయ్యాక భోజనాలు. ఆ దక్షిణ కొసన మాత్రమే చేసే చీజ్ రోల్స్ పెట్టారు. రొట్టె ముక్కలో చీజు, ఉల్లి పూసి, చుట్టి, వెన్న రాసి కాలుస్తారు. మొదటి పిలుపు పిలిచిన ముసలామె నా పళ్లెంలో మూడోది కూడా వేసింది. ఆ పేర్లు మీ పూర్వీకులవా అని అడిగింది. అబద్ధం చెప్పడం నా సిద్ధాంతం కాదు. రైలు స్టేషన్లని చెప్పాను. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని నవ్వింది. తర్వాత చెప్పింది, మగవాడు మరీ పొడుగ్గా మాట్లాడినా, దారి తప్పినా, ఆడవాళ్లు మధ్యలో పాట ఎత్తుకోవచ్చునట. పాట మొదలైతే ఎంతటివాడైనా నోరు మూయాలి. అది వాళ్ల హక్కు. ఆ పిల్లకు ఎవరు నేర్పారని అడిగింది.

లహరికి ఎవరూ నేర్పలేదు. ఆమెకు ఆ హక్కు సంగతే తెలియదు. టీ కప్పు పట్టుకుని నా పక్కకు వచ్చి కూర్చుంటే, దగ్గమంటే దగ్గలేదేం అని అడిగాను.

“నీ ఎడమ చెయ్యి వెనక్కెళ్లింది” అంది. “అమ్మతో వాదించేటప్పుడు పాయింట్లు అయిపోతే అలాగే పెడతావు. రేపల్లె లైను కూడా ఎక్కేశావు మామయ్యా. రేపల్లె తర్వాత సముద్రమే. ఇంక నిన్ను ఎవరు ఆపుతారు? నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలుగు రాదు.”

నేను ఆమెను కాస్తున్నాననుకున్నాను. ఆమె కూర్చున్న చోటునుంచి చూస్తే కాయవలసినవాణ్ణి నేనే.

ఇందులో మహిమ ఏమీ లేదని పాఠకులకు స్పష్టంగా చెప్పడం నా విధి. ఆ పాట వల్లనో ఆ హాలు వల్లనో భయం ఎగిరిపోయిందని రాస్తే రేపు ఎవరో అక్కడ కొబ్బరికాయ కొడతారు. భయం పోయిందా అని నేనే అడిగాను. పోలేదంది. నిన్న ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉందంది. “రేపు స్టేజీ మీదా ఉంటుంది. నువ్వు మాత్రం పైకొచ్చి స్టేషన్లు చదవకు.”

మర్నాటి సాయంత్రం శ్రీను పట్టిన ముందు సీట్లలో, ఆయన పక్కన కూర్చున్నాను. వెనక పిల్లలు ఇంగ్లీషులో గుసగుసలాడుతుంటే వాళ్ల తల్లులు తెలుగులో ఊరుకోబెట్టారు. దీపాలు తగ్గాయి. లహరి ఒక అడుగు ముందుకు వచ్చి నోరు తెరిచింది. గొంతు రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. శ్రీను నా మోకాలి మీద చేయి వేసి, “సార్, మీరెందుకు వణుకుతున్నరు” అని అడిగేంతసేపు పట్టింది. ఆయనకు జవాబు చెప్పబోయాను. అప్పటికి పాట మొదలైంది.